సగం సబ్బు

మా లంకలో పొగాకు షెడ్డు కింద
పదకొండు మంది ఆడవాళ్ళు చుట్టలు చుట్టేవారు.
బోర్లించిన నూనె డబ్బా మీద కూర్చుని
నేను పేపరు చదివేవాణ్ణి.
వారానికి మనిషికి పావలా.
ముందు చావులు, తర్వాత ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం,
ఆ తర్వాత సినిమాలు,
పొద్దుంటే దేశాలు.

క్యూబాలోనూ ఇంతేనన్నాడు ధనకోటి మాస్టారు.
అక్కడ చుట్టల కార్ఖానాలో
ఎత్తు పీటెక్కి ఒకడు చదువుతాడట,
కూలీలే తలా కాస్త వేసుకుని వాడికి జీతమిస్తారట.
ఆ చదువు విని విని
స్పెయిను దొర మీద తిరగబడ్డారట.
"అయితే నీకు పావలా ఎక్కువేరా" అంది గెడ్డం ఎస్తేరమ్మ,
"నువ్వు చదివితే మాకు నిద్దరొస్తంది."

ఆవిడది అడ్డపొగ.
నిప్పు నోట్లో, మాట బయట.

ఆ ఏడు పేపర్లో బొమ్మ పడింది,
సిపాయి బట్టల మనిషి, ఎత్తిన వేలు,
గుండెల మీదకి గడ్డం.
"మా ఇంటిపేరోడే!" అని షెడ్డంతా నవ్వించింది.
నవ్వు ఆగాక అడిగింది:
"ఏం తింటారు వాళ్ళు?"

మాస్టారు చెప్పిందే చెప్పాను.
చెరుకు. నాలుగు వందల ఏళ్ళ చెరుకు.
ఓడ అడుగున గొలుసులేసి తెచ్చిన మనుషులు.
గానుగలో చెయ్యి ఇరుక్కుంటే
నరకడానికి పక్కనే ఒక గొడ్డలి.
తర్వాత రష్యా పంచదార కొనేది, నూనె ఇచ్చేది.
రష్యా పోయింది.
అమెరికా ఓడల్ని రానివ్వదు.
ఒళ్ళు రుద్దుకోడానికి సబ్బు లేదక్కడ.

ఎస్తేరమ్మ పీట మీద ఆకు పరచడం ఆపింది.
ఆవిడ మొగుడి కుడిచేతికి మూడే వేళ్ళు.
బెల్లం వండే రోజుల్లో, మా ఊరి గానుగే.
"గొడ్డలి ముందే పెట్టుకున్నారా?" అంది.
ఇంకేం అనలేదు.

సంఘం వాళ్ళు గోనెసంచులతో వచ్చారు.
క్యూబాకి ఓడ వెళ్తుందంట, గుప్పెడు బియ్యం, ఒక సబ్బు.
కాలవగట్టు పెద్దిళ్ళల్లో
"మన బియ్యం వాళ్ళకెందుకు" అన్నారు.
పేటలో ఒక్క పిడికిలీ తప్పలేదు.
ఎస్తేరమ్మ లోపలికెళ్ళి ఎర్ర సబ్బు బిళ్ళ తెచ్చింది,
చుట్టలు కట్టే దారం నడుమ బిగించి
రెండుగా కోసింది.
"సగమేంటమ్మా?" అని నవ్వాడు సంఘం కుర్రాడు.
"అక్కడున్నదీ ఆడదేగా. అర్థం చేసుకుంటది."

రెండేళ్ళకి, ఆగస్టులో,
గోదారి ఎర్రబడి గట్టు నాకుతున్న రోజున
చదవాల్సి వచ్చింది:
లారీ ట్యూబులు, తలుపు చెక్కలు కలిపి కట్టి
పిల్లల్ని ఎత్తుకుని
క్యూబా నుంచి సముద్రంలో పడి పోతున్నారు, వేలమంది,
ఓడల్ని రానివ్వని ఆ దేశానికే.

ఆకు చప్పుడు ఆగింది.
నేను దిగ్బంధం అన్నాను, కుట్ర అన్నాను.
"అదీ నిజమే అయ్యుంటది" అంది ఎస్తేరమ్మ.
"కింద ఇంకేదో ఉంది, చదువు.
నాకు అక్షరం రాకపోయినా
నువ్వెక్కడ మింగుతున్నావో తెలుస్తది."

మింగిన నాలుగు లైన్లూ చదివాను.
ఎదురు మాట్లాడినవాళ్ళు జైళ్ళలో ఉన్నారని.

ఎనభై ఆరు వరదలో
కూతుర్ని చీరకొంగున కట్టుకుని
ఆవిడా ట్యూబు మీదే దాటింది.
గండి ఎవరివల్ల పడిందో
ఇరిగేషనోళ్ళు ఒకటి చెప్పారు, ఎమ్మెల్యే ఒకటి.
"నీళ్ళల్లో ఉన్నోళ్ళకి అదెందుకురా" అంది,
చుట్ట తిప్పి నిప్పు నోట్లో పెట్టుకుని.
ఇచ్చిన సబ్బు గురించి మాత్రం
ఒక్క మాటా అనలేదు.

షెడ్డు లేదు ఇప్పుడు. అది నిలబడ్డ నేలా లేదు.
వైనతేయ కోసుకుపోయింది, ఏటా కొంచెం కొంచెంగా,
ఎస్తేరమ్మ సమాధిని సిలువతో సహా.

మొన్న ఫోన్లో వార్త:
అక్కడ మళ్ళీ కరెంటు లేదు,
ఖాళీ గిన్నెలు కొడుతూ జనం వీధిలోకొచ్చారు.
వినేవాళ్ళెవరూ లేకపోయినా
పైకే చదివాను,
ఏదీ మింగకుండా.

ఆ సగం ఎవరి ఒంటికి చేరిందో
ఏ పేపరూ రాయలేదు.
ఈ సగం సంగతి నాకు తెలుసు.
పదిహేను రోజులొచ్చింది.