ఇతరములు

కోఠీ ఆఫీసు, మూడో అంతస్తు.
నా కంప్యూటర్లో ఆ ఫారానికి పన్నెండు గడులు:
భవనం, సిబ్బంది, మందులు, పడకలు, కరెంటు...
చివరిది, అన్నిటికన్నా ఇరుకుది,
ఇతరములు.

ఆ రోజు పరిగి బస్సు దిగి ఏడుగురొచ్చారు.
ఇమ్లిబన్ నుంచి నడిచే వచ్చారట,
ఆటోవాడు అడిగిన పైసలకు
నెల బీపీ గోళీలొస్తాయని.
వంతెన మీద ముక్కు మూసుకున్న బుచ్చవ్వ
ఇంకా మూసీ సంగతే చెబుతోంది:
"మా అనంతగిరి కాడ పుట్టినప్పుడు
ఇట్ల లేకుండె గదనే ఈ నీళ్ళు.
ఇంత దూరం నడిస్తే దేనికైనా రోగమొస్తదేమో."

సార్ గోడ మీద మ్యాపు వెలిగించాడు.
వాళ్ళ ఊరు అందులో ఒక నీలి చుక్క.
చుక్క నుంచి ఆసుపత్రికి పదకొండు కిలోమీటర్లు.
"దగ్గరే కదా," అన్నాడు.

అప్పుడు ఆశా కార్యకర్త జమ్ని
కుర్చీలు జరపమని, సంచిలోంచి ఒక పాత చీర తీసింది.
గచ్చు మీద ఊరు పరుచుకుంది.
సున్నంతో గీసిన వాగు. బొగ్గుతో బాట.
ఇంటికో చింతగింజ,
ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి పిలుస్తూ పేర్చారు.
పసుపద్దింది నీళ్ళోసుకున్న పిల్ల ఉన్న ఇల్లు.
సగానికి చీల్చింది షుగరుది.
మసి పూసిన నాలుగు గింజల దగ్గర
ఎవరూ ఏ పేరూ అనలేదు.

"నాలుగు నెలలు పంచాయితీ ముంగట కూసున్నం సార్,
కందులు ఏరుకుంటనే.
మొగోళ్ళు మొదాలు నవ్విన్రు.
తర్వాత వాళ్ళే వచ్చి గింజలు జరిపిన్రు,
మా ఇల్లు ఈడ కాదు ఆడ అని కొట్లాడిన్రు.
పదకొండు కిలోమీటర్లంటే అది ఎండకాలంల."

వానకాలంలో ఎంతో బుచ్చవ్వ చెప్పింది.
నలభై ఏళ్ళు మంత్రసానితనం చేసిన చేతిని
చీర మీద వాగు దాకా జరిపి:
"ఈడికి మూడు నొప్పులు.
ఈడ నీళ్ళు తగ్గేదాంక ఎన్నో, నేను లెక్కవెట్టలె.
ఆడికి వొయినంక
డాక్టరుతోని పనే లేకపాయె."

ఏసీ చప్పుడు వినబడింది.

"అయితే బిల్డింగు కావాలంటారా?"
"బిల్డింగున్నది సార్. దాంట్ల ఎరువుల బస్తాలున్నయి.
పదింటికి తెరిస్తే మేం చేన్లల్ల ఉంటం.
ఏడింటికి తెరువాలె, లేకుంటే పొద్దుమూకినంక.
నర్సమ్మకు తలుపున్న మరుగుదొడ్డి గావాలె,
అది లేకనే ఇద్దరు వొయిన్రు.
ఇంకొకటి..." జమ్ని కొంగు సర్దుకుంది.
"ఆఖరి బస్సు రాత్రి మా కాడ నిలవాలె.
డ్రైవరుకు అన్నం, దినానికొక ఇల్లు, వంతులు రాసుకున్నం.
నడిజామున నొప్పులొస్తే లేపుతం.
వాగు నిండినప్పుడు వాగవతలనే నిలవనీ,
దాటిచ్చుడు మా పని.
ట్రాక్టరు ట్యూబులు రెండు కొన్నం. నలుగురు ఈతగాళ్ళ పేర్లు ఎనకపేజీల ఉన్నయి."

సార్ నవ్వలేదు. కసురుకోనూ లేదు.
కళ్ళజోడు తీసి, తుడిచి,
"అది మన శాఖ కాదమ్మా, ఆర్టీసీది," అన్నాడు.
"మరి వాగు ఎవలది సార్?"
బుచ్చవ్వ నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

నేను కొడుతూనే ఉన్నా.
ఏడింటికి తెరవడం, ఇతరములు.
తలుపు, ఇతరములు.
బస్సు, డ్రైవరు అన్నం, ట్యూబులు,
మూడు నొప్పుల దూరం...
అక్షరాల హద్దు దాటిందని
తెర మీద గడి ఎర్రబడింది.

సాయంత్రం ఊడుస్తూ రహమత్ బీ
నా కుర్చీ కాలి కింద నుంచి గింజొకటి తీసిచ్చింది.
పసుపు ఇంకా పోలేదు.
ఫోన్ చేశాను. బస్సులో ఉన్నారు, హారన్ల నడుమ
"అయ్యో, అది మా సుగుణిదక్కా! ఆరో నెల.
శ్రావణంల వానలకే..."
"ఎవరితోనైనా పంపనా?"
కాసేపు హారన్లే.
"వద్దు. మీ కాడనే ఉండనియ్యి."

నిన్న మధ్యాహ్నం కోఠీలో తొలివాన.
కిటికీలోంచి చూస్తే గౌలిగూడ వైపు
బస్సులు మోకాటి నీళ్ళలో నిలబడ్డాయి.
పెన్నుల డబ్బాలోంచి గింజ తీసి
ఫైలు మీద పెట్టాను,
సార్ సంతకం చేయాల్సిన చోట.