యాభై రెండు మిల్లీమీటర్లు

మా పూల సంఘంలో నా పని కార్డులు రాయడం.
మొదటి బహుమతికి ఎర్ర సిరా, రెండోదానికి నీలం,
మూడోదానికి ఏది మిగిలితే అది.
ఎవరూ కోరుకోని కార్డు ఇంకొకటుంది:
"నిబంధనకు సరిపడలేదు."
దాన్ని నల్ల సిరాతో చిన్న అక్షరాల్లో రాస్తాను.
చెడ్డ కబురు గట్టిగా చెప్పకూడదు కదా.

గని మూతబడ్డాక ఈ డరమ్ పల్లెలో
నల్లగా మిగిలినవి రెండే:
పెరటి మట్టి, విల్ఫ్ హెపుల్ గొడుగు.
ఆగస్టు వానల్లో ఆ గొడుగుని వెదురుకర్రకు కట్టి
డేలియా మొగ్గ మీద నిలబెట్టి
తను పక్కన తడుస్తాడు.
"నా జలుబు తగ్గుతుంది, దాని మచ్చ పోదు."
నిన్నెప్పుడైనా ఇలా చూసుకున్నాడా అంటే
మేవిస్ నవ్వేది, ఉన్నన్నాళ్లూ.
"నేను యాభై రెండు ఎప్పుడో దాటేశానమ్మా!"

యాభై రెండంటే చెప్పాలి.
పాంపన్ డేలియా నిమ్మకాయంత బంతి,
రేకు రేకూ గొట్టంలా చుట్టుకుని, తేనెపట్టు గదుల్లా.
విల్ఫ్ జేబులో ఇత్తడి కంకణం ఒకటి,
గని వర్క్‌షాపులో భోజనం మానేసి తనే చేసుకున్నది.
పువ్వు అందులోంచి జారితే సరి.
జారకపోతే, ఎంత అందగత్తె అయినా,
నల్ల సిరా.

నలభై ఏళ్లు ఇంటింటి తలుపూ కొట్టాడు
పాత పేపర్లో దుంపలు చుట్టుకుని:
"జాగా ఉందా? లేదా? పోనీ, బకెట్ ఉందా?"
సమ్మె ఏడాది బంగాళాదుంపల చోట
రెండు సాళ్లు పూలు వేయించాడని
ఇప్పటికీ తిట్టేవాళ్లున్నారు.
వాళ్ల గుమ్మాల్లో ఇప్పటికీ పూస్తున్నాయి కూడా.

అప్పుడు నూట పద్నాలుగు మందిమి. ఈ ఏడు తొమ్మిది.
చర్చి హాల్లో బల్లల మీద ఖాళీ కనపడకుండా
కేకులు సర్దాం.

పదిన్నరకి ఫ్లాట్ల వైపు నుంచి ఒక పిల్ల,
సెమ్హార్, తొమ్మిదేళ్లు,
పెయింటు డబ్బాలో పెంచిందట,
పాలసీసాలో పెట్టి తెచ్చింది. ముదురెరుపు.

విల్ఫ్ కంకణం తీశాడు.
హాలంతా ఊపిరి బిగబట్టింది
(హాలంతా అంటే ఏడుగురం).
పువ్వు సగం దిగి ఆగింది.
కాస్త నొక్కితే దిగేదే.
నాకు కనపడిందంటే
ఆయనకి ఇంకా ముందే కనపడి ఉంటుంది.
నొక్కలేదు. నావైపు చూశాడు.
నా చేతిరాత వంకర పోయింది ఆ ఒక్క కార్డులోనే.

పిల్ల ఏడవలేదు. "ఎంత ఎక్కువైంది?"
"మూడు."
"ఎందుకు?"

ఇన్నేళ్లలో ఆ మాట అడిగినవాళ్లు లేరు.
గెలిచినవాళ్లు టీ తాగారు,
ఓడినవాళ్లు కంకణాన్ని తిట్టారు.
విల్ఫ్ కుర్చీ లాక్కున్నాడు, మోకాళ్లు పటపటమన్నాయి.
"పక్క మొగ్గలన్నీ గిల్లేసి దీన్నొక్కదాన్నే ఉంచావు కదూ?
మొక్క బలమంతా దీనికే పోసింది.
కొన్నిటిని ఉండనివ్వాలి.
పంచుకుంటేనే బిగువుగా పూస్తుంది."
నా కప్పులో టీ చల్లారిపోయింది, వింటూ.

సభ్యత్వ పుస్తకంలో పదో పేరు రాశాను.
రుసుం యాభై పెన్నీలు, ఆ పిల్ల దగ్గర ముప్పై.
మిగతాది బాకీ అని రాసుకోమంది,
దుంపలు తవ్వాక ఇస్తుందట.

తర్వాత కంకణం అడిగి పుచ్చుకుని
కేకు మీద, తలుపు గుబ్బ మీద,
తమ్ముడి మోచేతి మీద, విల్ఫ్ ముక్కు మీద
పెట్టి చూసింది.
ఒక్కటీ నిబంధనకు సరిపడలేదు.