కుడివైపు

మాటిమాటికీ తడుముకోకు, ఎయ్‌నార్,
అని నాకు నేనే చెప్పుకుంటున్నాను.
గుమ్మడికాయల దొంగ తడుముకున్నది భుజాలు.
నా చెయ్యి పోయేది నడుము దగ్గరికి.

పదకొండుకి రావలసిన బండి
పన్నెండుంపావుకి వచ్చింది.
నార్త్ డకోటా మంచులో ఒక దీపం, ఒక బెంచీ.
టికెట్టిచ్చే మనిషి లేడు, సామాను పుచ్చుకునే గది లేదు.
నియమం నాకు తెలియక కాదు.
నలభై ఏళ్లు ధాన్యం గోదాములో కాటా చూసినవాణ్ణి,
గింజ ఎక్కువైనా వెనక్కి తీయించినవాణ్ణి.
తుపాకీ ఉంటే ముందురోజే చెప్పాలి,
గట్టి పెట్టెలో పెట్టి తాళం వేయాలి,
సామాను బోగీకి అప్పగించాలి.
మనిషితోపాటు అది ఎక్కకూడదు.

వదిన బెరిత్‌కి ముందురోజంటూ లేదు.
వంటింట్లో గిన్నె తోముతూ, నావైపు చూడకుండా,
"ఈ రాత్రే తీసుకుపో" అంది.
బ్రైస్ డ్రాయరు ముందు కూర్చుని ఉన్నాడట.
పదిహేనేళ్లవాడు. తండ్రి పోయి ఏడు వారాలు.
దాన్ని తీయలేదట, డ్రాయరు మూయనూ లేదట.
ఊరికే చూస్తున్నాడట.

పాముల కోసమని కొన్నాడు మా అన్న టోర్వాల్డ్.
మా వైపు విషప్పాములు లేవు.

సంచిలో పెడితే సంచి పై అరలో ఉంటుంది.
నేను కునుకు తీస్తే? ఎవరైనా పొరపాటున దించితే?
అందుకని ఒంటిమీదే పెట్టుకున్నాను, కుడివైపు, స్వెటరు కింద.
ఆరు తూటాలూ ఎడమకాలి మేజోట్లో.
అడుగు వేసినప్పుడల్లా
ఒకదాన్నొకటి పలకరించుకుంటున్నాయి.
ఖాళీ తుపాకీయే.
ఖాళీదైనా తుపాకీయే.

కండక్టరు రొమ్ము మీద డెస్మండ్ అని పేరు.
"కోటు విప్పుకోండి పెద్దాయనా, హీటరు మండిపోతోంది."
చలి మనిషినన్నాను, నుదుటి చెమట తుడుచుకుంటూ.
ఆయన నవ్వి నా తల పైన చీటీ గుచ్చి వెళ్లాడు.
అబద్ధానికి కూడా బరువుంటుంది,
ఏ కాటా మీదా తూచలేదు గానీ.

ఫార్గోలో ఒక తల్లి ఎక్కింది, చంకలో పసివాడు, చేతిలో పిల్ల.
జంట సీటు ఒక్కటీ ఖాళీ లేదు.
"సగల్, తాత పక్కన కూర్చో" అంది,
అడ్డదారికి అవతల సీట్లో తను కూలబడుతూ.
నేను కిటికీకి ఎడమభుజం ఆనించి ఉన్నాను.
మిగిలింది కుడివైపే.
లేచి సీటు మార్చుకుందామని
నోరు తెరిచేసరికే పిల్ల ఎక్కి కూర్చుంది,
ఊలు టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది,
నా పేరు అడిగింది, అది పేరే కాదంది,
నిద్రపోయింది.

మొదట తల ఊగింది.
తరవాత నా మోచేతికి ఆనింది.
తరవాత జారింది, ఇంకొంచెం,
కోటు అంచు తప్పుకుని
సరిగ్గా అక్కడ ఆగింది.

కొంగున నిప్పు కట్టుకోవడమంటే ఇదేనేమో.
కదిలితే లేస్తుంది. లేస్తే అడుగుతుంది.
అడిగితే తల్లి చూస్తుంది.
కదలకపోతే
మా అన్న ఇనుము మీద
ఎవరి బిడ్డో ఊపిరి తీస్తూ ఉంటుంది.
నా చెయ్యి మధ్యలో దూర్చాలని చూశాను. పట్టలేదు.
బ్రైస్ ఇంతున్నప్పుడు
ట్రాక్టరు సీట్లో నా మీదే పడి నిద్రపోయేవాడు,
జొల్లు కార్చేవాడు.

మూడు గంటలు గుక్కెడు నీళ్లు తాగలేదు,
దగ్గొస్తే మింగాను.
తొడ మొద్దుబారి ఎవరిదో అయింది.
సెయింట్ క్లౌడ్ దాటాక
కిటికీలో మంచు నీలమై, బూడిదై, తెల్లారింది.

పిల్ల తనంతట తనే లేచి కూర్చుంది.
బుగ్గ మీద అచ్చు పడి ఉంది:
పిడి వంపు,
దాని మీద సన్నటి గళ్లు,
ఎర్రగా, ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత స్పష్టంగా.
నాకు ఊపిరాడలేదు.

ఆపాటికే హోదాన్ లేచింది. ఆమె పేరు పొద్దున్నే తెలిసింది.
పిల్ల గడ్డం పట్టుకుని వెలుగుకి తిప్పింది.
"చూడు, తాత స్వెటరు అల్లికంతా నీ బుగ్గ మీదే" అని
బొటనవేలు తడి చేసుకుని రుద్దింది.
"బాగా ఇబ్బంది పెట్టిందా?"

లేదన్నాను.

సెయింట్ పాల్ దాకా
ఆ బుగ్గనే చూస్తూ కూర్చున్నాను.
పోయింది అనుకున్నాను.
పిల్ల ఇటు తిరిగితే
ఇంకా కొంచెం ఉన్నట్టే ఉంది.