ఆకుపచ్చ పావు

ఫిబ్రవరిలో న్యూరెంబర్గ్ సంత అయిపోయింది.
అక్టోబరులో ఎస్సెన్ సంత.
మధ్యలో ఉన్నదాన్ని ఏమంటారో
వుప్పర్టాల్‌లో ఎవరికీ తెలీదు.
"ఇప్పుడు ఖాళీయేగా, గెసీనా?" అంటుంది
రొట్టెల కొట్టు ఎడెల్‌ట్రౌట్,
చిల్లర లెక్కపెడుతూ.

నది మీద వేలాడుతూ పోయే రైలు
మా కిటికీ దాటేటప్పుడు
బల్ల మీది పాచికలు ఒకసారి వణుకుతాయి.
ఒకప్పుడు రిబ్బన్లు నేసిన కార్ఖానా ఇది,
గోడలకు ఇంకా మగ్గాల నూనె వాసన.
రెండో అంతస్తులో మా కంపెనీ:
నేను, ఫోల్కర్ట్,
అమ్ముడుపోని పదకొండు వందల నలభై పెట్టెలు.
లిఫ్టు లేదు.
ప్రతి పెట్టె బరువూ మా నడుములకు కంఠతా వచ్చు.

ఆట పేరు ఉప్పు పడవలు.
తయారీకి నాలుగేళ్ళు, ఆడటానికి గంటంబావు.
సంతలో నాలుగు రోజులు నిలబడి
ఒకే వాక్యం ఆరు వందల సార్లు చెప్పాను:
"మీరొక పడవ సరంగు,
వాన రాకముందే ఉప్పు ఊరు చేరాలి."
ఇంటికొచ్చాక నిద్రలోనూ అదే అన్నానట.
ఫోల్కర్ట్ బేరమాడాడట.
తనే చెప్పాడు.

మార్చిలో మొదటి ఉత్తరం:
పెట్టెలో ఆకుపచ్చ పావు ఒకటి తక్కువ.
తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత రోజుకి మూడు.
ఏప్రిల్ ఆఖరుకి నూట పద్నాలుగు.
పోలండ్‌లో కొయ్య కోసే చోట
ఒక మధ్యాహ్నం యంత్రం లెక్క తప్పింది, అంతే.
దాని పక్కన నిలబడ్డ మనిషికి
ఆరోజు పంటినొప్పేమో.
ఎవర్ని తిట్టను?

ఒక పావు ఖరీదు మూడు సెంట్లు.
కవరు, తపాలా బిళ్ళ కలిపితే యూరో దాటుతుంది.
అంగడివాడి వాటా, టోకు వర్తకుడి వాటా,
అచ్చుకూలి, గోదాము అద్దె పోగా
మాకు మిగిలేది పావు వంతు కూడా కాదు.
ఆ పావులోంచే
ఈ పావులు.

కవర్లు అతికించడానికి
కింది అంతస్తు యూనుస్ వస్తాడు.
పన్నెండేళ్ళు. కూలి తీసుకోడు,
ఆడనిస్తే చాలంటాడు.
మే నెల్లో, జిగురు వేళ్ళతోనే, అడిగాడు:
"చివరి రాత్రి రెండు పడవలూ ఒకేసారి చేరితే?"

నియమాల పుస్తకం తెరిచాం.
పంతొమ్మిది సార్లు తిరగరాసిన పుస్తకం.
వానకి నియమముంది, దొంగలకి ఉంది,
పడవలో పిల్లి ఎక్కితే ఏం చేయాలో కూడా ఉంది.
దీనికి లేదు.
"అలా జరగదు" అన్నాడు ఫోల్కర్ట్.
"నీ అంకెలే తప్పు" అన్నాను నేను.
ఆడలేక మద్దెల ఓడన్నట్టు
ఇద్దరం కలిసి కాసేపు
అట్టపెట్టె నాణ్యతను తిట్టాం.
యూనుస్ ఓపిగ్గా కవర్లు అతికించాడు.

సరే, ఆడి చూద్దామన్నాం.
అచ్చయ్యాక మా ఆట మేం ఆడిందే లేదు.
గుట్టలోంచి ఒక పెట్టె లాగి
ప్లాస్టిక్ పొర చింపాం.
కొత్త అట్ట వాసన. పటం విప్పాం. పావులు పేర్చాం.
ఆకుపచ్చ ఒకటి తక్కువ.

ఎవ్వరూ మాట్లాడలేదు.
యూనుస్ తన చొక్కా గుండీ తెంపి
రేవులో పెట్టాడు.

మూడు రాత్రులు ఆడాం, సమం అవ్వాలనే.
పడవలు ఆపుకున్నాం, ఉప్పు నదిలో పారబోసుకున్నాం,
ఒకరి కోసం ఒకరం వానలో కాచుకున్నాం.
గెలవడం వచ్చు, ఓడటం మరీ బాగా వచ్చు.
పక్కపక్కన చేరడం మాత్రం
ఒక్కసారీ కుదరలేదు.
ప్రతిసారీ గుండీయే ముందు.

ఎస్సెన్‌లో బల్లకి అడ్వాన్సు
జూన్ ముప్పైలోపు కట్టాలి.
ఆరు చదరపు మీటర్లు, మరుగుదొడ్ల పక్కన.
కాగితం మీద సంతకం ఇంకా పెట్టలేదు.
పక్కన కొత్త ఉత్తరం, హుజుమ్ నుంచి:
"పావు అక్కర్లేదు. బఠాణీ గింజతో ఆడుతున్నాం.
చెబుదామని రాశాను."

రైలు వెళ్ళింది.
పాచికలు వణికి ఆగాయి.
ఎన్ని పడ్డాయో చూడకుండా
కలం వెతుకుతున్నాను.