పద్దెనిమిది నిమిషాలు

గ్రిమ్స్‌బీ గాలికి చేపల వాసన,
ఆదివారం కూడా.
రేవులో పడవలు తగ్గిపోయి చాలా ఏళ్లయిందట,
వాసన మాత్రం ఊరు విడిచి పోలేదు.

ఉదయం ఆరున్నరకి నా మొదటి తలుపు
ఆల్డ్రిడ్జ్ గారిది.
ఆయనకి ఎనభై తొమ్మిది.
ఐస్‌లాండ్ దాకా వేటకెళ్లిన చేతులు
ఇప్పుడు చెంచా కోసం తడుముకుంటాయి.
నన్ను చూడగానే ఒక బూతు, ఆ వెనకే ఒక నవ్వు.
ఆ వరస తప్పితే
ఒంట్లో బాగాలేదని నాకు తెలుసు.

ఫోన్‌లో మీట నొక్కి లోపలికి,
మళ్లీ నొక్కి బయటికి.
మధ్యలో ముప్పై నిమిషాలుండాలి.
కౌన్సిల్ డబ్బిచ్చేది ముప్పైకి,
కంపెనీ మాకు మిగిల్చేది పదిహేను,
తర్వాతి తలుపు ఊరికి ఆ చివర.

"కారులో కూర్చుని నొక్కు, అందరం అంతే," అంది ట్రేసీ.
ట్రేసీ మంచి మనిషి.
మొదటి చలికాలం తన కోటు నాకిచ్చింది.
శోధించేవాడికి కొమ్ములుంటాయని
సండే స్కూల్లో బొమ్మ గీశారు గానీ
ఇలా టీ ఫ్లాస్కుతో వస్తాడని
ఎవరూ చెప్పలేదు.

నొక్కాను.
దాచడమెందుకు, పదకొండు వారాలు నొక్కాను,
అద్దం మీద వాన చూస్తూ,
మెళ్లో సిలువని యూనిఫాం లోపలికి
ఇంకొంచెం లోపలికి తోసి.

శనివారం మా కూడిక
స్కన్‌థార్ప్‌లో, నిరీక్షణరావు గారింట.
కొత్త ఇల్లు. సాక్ష్యమంతా ఇంటి గురించే.
లోకం పోకడ మనకంటనివ్వకు ప్రభువా అని
ఆయన కళ్లు మూసుకుని చాలాసేపు ప్రార్థించారు.
కళ్లు తెరిచాక
"మీది తెనాలి దగ్గరా? ఏ పేట?" అంది ఆయన భార్య.
చెప్పాను.
బిర్యానీ గరిటె
ఒక్క క్షణం గాల్లో ఆగింది.

లోకం మా అందరికంటే ముందే వచ్చి
చెప్పులు గుమ్మం బయట విడిచి
చాప మీద కూర్చుని ఉంది.

దారంతా వాళ్లని తిట్టుకుంటూనే వచ్చాను.
ఇమ్మింగ్‌హామ్ చమురు మంటలు కనబడే మలుపులో
నా వేలు గుర్తొచ్చింది.
గరిటె ఆమెది.
మీట నాది.

మా ఆయన ఫ్యాక్టరీలో చేపలు కోస్తాడు.
ఆ రాత్రి అడిగాను:
"సముద్రంలోనే పుట్టి పెరిగింది కదా,
చేపకి మళ్లీ ఉప్పెందుకు?"
పాస్టరుగారు ఏటా వేసే ప్రశ్నే.
చేతులు కడుక్కుంటూ కాసేపు ఊరుకున్నాడు.
"బతికున్నంతసేపూ లోపలికి రానివ్వదు.
చచ్చాకే,
ఎంత వేస్తే అంత పీలుస్తుంది."
వేళ్లు వాసన చూసుకుని మళ్లీ సబ్బు అందుకున్నాడు.
నాకు తెల్లార్లూ నిద్ర లేదు.

సోమవారం
ఆల్డ్రిడ్జ్ గారి వీపు తుడిచి, మాత్రలిచ్చి,
ఓట్స్ తినిపించి
బయటికొచ్చి గడప మీదే నొక్కాను:
పద్దెనిమిది.
కారణం రాయమంది ఫోన్.
ఇంతకంటే ఉండే వీల్లేదని రాశాను.
పదకొండు వారాల సంగతీ రాశాను,
వణుకుతూ, స్పెల్లింగు తప్పులతో.

ఆకాశమేమీ తెరుచుకోలేదు.
ఆఫీసునుంచి పిలుపొచ్చింది.
మరుసటి వారం నా గంటలు సగమయ్యాయి.
వీసా కాగితం మీద ఉన్నది ఆ కంపెనీ పేరే,
రాత్రి ప్రార్థనలో దేవుడి పేరుకంటే
దాన్నే ఎక్కువసార్లు తలుచుకుంటున్నాను.
ట్రేసీ రెండు రోజులు మాట్లాడలేదు.
మూడోరోజు ఫ్లాస్కు మూతనిండా టీ పోసి
మొహం చూడకుండా చేతికిచ్చింది.

గెలిచానని చెప్పడం లేదు.
శనివారం మళ్లీ స్కన్‌థార్ప్ వెళ్లాలి,
ఆ గరిటె కిందే పళ్లెం పట్టాలి,
వందనాలమ్మా అనాలి, మనసారా.
నాకు దీనికంటే అదే కష్టం.

ఇవాళ పొద్దున
ఆల్డ్రిడ్జ్ గారు తిట్టారు, నవ్వారు,
గడియారం వంక చూసి
"ఏంటి, ఇంకా ఇక్కడే ఉన్నావా?" అన్నారు.
ఉన్నాను.
ఓట్స్‌లో ఉప్పు మరిచిపోయాను.
వెళ్లి చిటికెడు తెచ్చి కలిపాను.
చెంచా రెండుసార్లు తిప్పేసరికి
ఎక్కడుందో కనబడలేదు.