కనీసం వంద

పుళియంతోపు మెయిన్ రోడ్డు, జిరాక్సు కొట్టు వెనక
మూడో నంబరు కంప్యూటరు. గంటకి ముప్పై రూపాయలు.
ఫౌండేషన్ వాళ్ల దరఖాస్తు అర్ధరాత్రికి మూసుకుంటుంది.
పదిన్నరకి కూర్చున్నాను,
పక్కన చల్లారిన టీ, ఒళ్లో హాజరు పుస్తకం.

సంస్థ పేరు. రాశాను.
రిజిస్ట్రేషన్ నంబరు. బాకీ తీర్చందే కాగితం ఇవ్వనన్నాడు ఆడిటరు,
తమ్ముడి బండి తాకట్టు పెట్టి తెచ్చాను.
దానికి గడి లేదు.

మీ దార్శనికత ఏమిటి? యాభై మాటల్లో.
హౌసింగ్ బోర్డు డాబా మీద నీలం టార్పాలిన్,
ఒక ట్యూబులైటు,
బోర్డుకి ఎడమన తెలుగు, కుడిన అరవం,
వానొస్తే మెట్ల మీదికి జరిగే ఎక్కాలు.
ఇంకా కొన్ని మాటలు మిగిలాయి.
వాటినేం చేసుకోవాలో తెలియలేదు.

పిల్లల ఫొటోలు, నవ్వుతున్నవి.
ఆదెమ్మ కొడుకు ఫొటో అనగానే
రేషన్ కార్డుకి దిగినట్టు బిగుసుకుంటాడు.
వాడిదే పెట్టాను.

కొలవదగ్గ ఫలితాలు.
నిరుడు ఇక్కడే పోయింది మా కాగితం.
ఈసారి పెంచలమ్మ సంగతి రాద్దామనుకున్నాను.
మనవరాలిని తీసుకెళ్లడానికొచ్చి
చీపురు గోడకానించి వెనక వరసలో కూర్చునేది,
కునుకు తీస్తోందనుకునేదాన్ని.
ఆడి నెలలో ఒకనాడు, కాంట్రాక్టరు మస్టరులో
తన పేరు మీద వేలు పెట్టి, పక్కకి జరుపుకుంటూ పోయి
ఆగిపోయింది.
పనిచేసిన నాలుగు రోజుల కింద
అరవంలో నాలుగుసార్లు: రాలేదు.
ఇరవై రెండేళ్లుగా వేలిముద్ర వేస్తున్న పుస్తకం
ఆ పొద్దున మొదటిసారి ఆమెతో మాట్లాడింది.
పెద్ద గొడవైంది. నాలుగు రోజుల కూలీ తిరిగొచ్చింది.
మిగతా ఇరవై రెండేళ్ల సంగతి
ఆమె అడగలేదు, నేనూ లెక్క కట్టలేదు.

ఇదంతా రాశాను.
ఎర్రగా వచ్చింది: అంకెలు మాత్రమే.

లబ్ధిదారులెందరు? వయసు ఆరు నుంచి పద్నాలుగు.
హాజరు పుస్తకం తెరిచి మళ్లీ లెక్కపెట్టాను.
31.
ఎరుపు. కనీసం వంద.

ముందొక ఒకటి పెట్టాను.
ఆకుపచ్చ.
ఎంత సన్నటి గీత అది, అగ్గిపుల్లంత!
దాని వెనక వందమంది పిల్లలు పుట్టుకొచ్చారు,
చీమిడి ముక్కుల్లేవు, పలక పోయిందన్న ఏడుపుల్లేవు,
నవ్వమంటే నవ్వే వందమంది.
వాళ్ల వెంట మూడు లక్షలు, రెండు ఫ్యాన్లు,
ఏడు నెలలుగా నాకు లేని జీతం.
చాలాసేపు చూశాను వాళ్లని.

"కా, షట్టర్ దించాలి" అన్నాడు కదిరవన్.
గీత చెరిపేశాను.
ధైర్యమేం కాదు.
రేపు సాయంత్రం హాజరు పిలవాలి కదా,
ఆ వందమందిని ఏమని పిలవను?

బయట రోడ్డు ఊడుస్తోంది పెంచలమ్మ,
మెరిసే పట్టీల కోటు, లారీ దీపాలు పడ్డప్పుడల్లా వెలిగి ఆరుతూ.
"ఏందమ్మే, పంపినావా?"
"ముప్పై ఒకటని రాశాను. ఒప్పుకోలేదు."
"నన్ను గలిపినావా?"
వయసు దాటిందని చెప్పాను.
చీపురు మొదలు నేలకేసి రెండుసార్లు కొట్టి
పుల్లలు సర్దుకుంది.
"వయసు వాళ్లదా, నాదా?
ఇటియ్యి ఆ పుస్తకం."

పన్నెండు దాటి నాలుగు నిమిషాలు.
దీపస్తంభం కింద, చెత్తబండి మూత మీద
పుస్తకం పరిచి
ముప్పై ఒకటో పేరు కింద రాస్తోంది,
నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకుని.
'పె' దగ్గర సున్న మరిచిపోయింది.
చివరిదాకా వెళ్లి, అంతా ఒకసారి చదువుకుని,
వెనక్కొచ్చి పెట్టింది.