సబ్బునీళ్ల పళ్లెం

మొదట నా సాక్సు మీద కనబడింది.
ఆవగింజలో సగం ఉంటుంది. నొక్కబోతే లేదు.
నేల మీంచి మోకాలి దాకా ఒక్కటే గెంతు.
మన లెక్కలో అయితే
కంచరపాలెం మెట్టు మీద కాలు ఎత్తి
డాల్ఫిన్ నోస్ మీద దించినట్టు.

దాని పేరేంటో మా వీధిలో ఎవరికీ తెలీదు.
కింద వాటా అప్పలనరసమ్మ గెంతుడు పేను అంది.
ఆటో గౌరీసు "గోమారే కదేటి" అన్నాడు.
కాదు. గోమారి పట్టుకుంటే వదలదు,
ఇది పట్టుకునేలోపే ఉండదు.

అందరి వేళ్లూ వంజరం వైపే.
వంజరం మా పిల్లి.
ఫిషింగ్ హార్బర్లో ఐసు పెట్టెల లెక్క రాసే ఉద్యోగం నాది.
వంజరం చేప ధర కొండెక్కి కూర్చున్న రోజున
సంచీలో చేపకి బదులు ఇది ఇంటికొచ్చింది,
సగం తోకతో.

ఎవరి మందు వాళ్లకుంది.
వేపాకు నీళ్లు. ముద్దకర్పూరం. కిరసనాయిలు.
బీచికి తీసుకెళ్లి ఉప్పునీట్లో ముంచెయ్ అన్నవాడు
పిల్లిని ఎప్పుడూ ఎత్తుకోలేదని
నా మోచేతి గీతలు చెబుతాయి.
"ఒగ్గీమ్మా, తెచ్చినకాడే ఒగ్గొచ్చీ," అంది అప్పలనరసమ్మ,
అని, దానికే కవళ్ల తలకాయలు వేసింది.

పశువుల డాక్టరమ్మ సన్నపళ్ల దువ్వెనతో దువ్వి
రాలిన నల్లపొడిని తడి కాగితం మీద వేసింది.
మట్టి అనుకున్నాను.
మట్టి చుట్టూ మెల్లగా ఎరుపు తిరిగింది.
"నెత్తురమ్మా, అవి తిని వదిలింది.
నూటికి ఐదే దీని ఒంటి మీదున్నాయి,
తక్కిన తొంభై ఐదూ మీ ఇంట్లో, గుడ్లూ పిల్లలూ గూళ్లూ.
కుక్కల మందు మాత్రం వెయ్యకండి, పిల్లి బతకదు."
మెడ వెనక, నాలిక అందని చోట, నాలుగు చుక్కలు.

ఇక ఇల్లు.
పరుపు డాబా ఎక్కింది, బొంత మరిగే నీళ్లలో మునిగింది,
మంచం కింద ఏడాదిగా నేను చూడని
గాజుముక్కా, బస్సు టిక్కెట్టూ, ఒక చెవి దుద్దూ దొరికాయి.
దుద్దు నాది కాదు.
రాత్రిళ్లు జీరో బల్బు కింద, నేల మీద,
పళ్లెంలో నీళ్లు, నీళ్లలో సబ్బు.
సబ్బు లేకపోతే నీటి మీదే తేలి తప్పించుకుంటాయట.
పొద్దున్నే లెక్క. గ్యాసు బండ తేదీ పక్కన
పదిహేడు, పదకొండు, నాలుగు, నాలుగు, ఒకటి.
తరవాత గడులన్నీ ఖాళీ.

శ్రావణంలో ఒక రాత్రి వంజరం రాలేదు.
ఐసు పెట్టెల వెనక చూశాను, వలల కుప్పల్లో చూశాను,
గౌరీసు ఆటో జ్ఞానాపురం దాకా తిప్పాడు, డబ్బులు పుచ్చుకోలేదు.
అక్క కాన్పని అనకాపల్లి వెళ్లి
నెలన్నర ఇంటికి తాళం.

తిరిగొచ్చి, చెప్పులు విప్పి, నాలుగడుగులు వేశానో లేదో
పాదాల మీద చిటపట.
పిల్లి లేని ఇంట్లో, అన్నం లేని ఇంట్లో!
డాక్టరమ్మకి ఫోన్ చేశాను.
"గూళ్లలో పడుకునుంటాయమ్మా నెలలకి నెలలు.
అడుగుల అదురు తగిలితే లేస్తాయి."
మరి పిల్లప్పుడు ఏం తిని పెరిగాయండీ?
"ఆ రోజు కాగితం మీద చూశారుగా,
పెద్దవి రాల్చిన ఎండు నెత్తురే."

నెత్తురు ఎవరిదని అడగలేదు.
ఫోన్ పెట్టేశాను.

జీరో బల్బు వేశాను. పళ్లెం పెట్టి నీళ్లు పోశాను.
సబ్బు చేతిలో పట్టుకుని
చాలాసేపు అలా గొంతుక్కూచున్నాను.
హార్బరు వైపు నుంచి ఓడ కూత ఒకటి వచ్చి పోయింది.
ఒకటి గెంతింది, నీటి మీద పడి,
మునగలేదు, కాళ్లాడించింది.

మడమ మీద చురుక్కుమంది.
సబ్బు వేశాను.